విలన్ మాట పక్కన రచయిత ఫొటో

మొన్న ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. ఫోన్లో కథలు వినిపించే ఏదో యాప్‌లో ఎడిటర్‌గా చేరిందట. గుణదలలో మా ఇల్లు వెతుక్కుంటూ ఎండలో నడిచొచ్చింది పాపం. ఇచ్చిన మజ్జిగ సగం తాగిందో లేదో, ల్యాప్‌టాప్ తెరిచేసింది.

"మేడమ్, ఈ విలన్ డైలాగ్ ఉంచాలా, తీసేయాలా? ఉంచితే మమ్మల్ని తిడతారు, రచయితనైతే చీల్చి చెండాడతారు. తీసేస్తే వీడు విలనేంటి, పక్కింటి అంకుల్‌లా ఉన్నాడంటారు. దీనికి ఒక రూల్ రాసుకురమ్మన్నారు మా ఆఫీసులో."

నాకు నవ్వాగలేదు. ముప్పై ఏళ్లకి పైగా ఒక వారపత్రికలో సీరియల్స్ చూసినదాన్ని. అలాంటి రూల్ దొరికి ఉంటే ఇన్ని తిట్లు ఎందుకు తింటాను తల్లీ అన్నాను. రూల్ లేదు గానీ నేను చేసిన వెధవ పనులు కొన్ని ఉన్నాయి, అవి చెబుతా రాసుకో అన్నాను. ఆ పిల్ల రాసుకుని వెళ్లింది. తర్వాత నాకే తోచింది, నేనే రాసేస్తే పోలా అని.

కాబట్టి ఇది ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం. నేనెప్పుడు చేరాను, ఎప్పుడు ప్రమోషనిచ్చారు, రిటైరైన రోజున ఏ రంగు శాలువా కప్పారు, ఇవేవీ మీకక్కర్లేదు. ఆ శాలువా ఎక్కడుందో నాకే తెలీదు.

అసలు ఉద్యోగం

గవర్నర్‌పేటలో మేడ మీద ఆఫీసు. నన్ను సీరియల్స్ ఇన్‌ఛార్జి అనేవారు. వినడానికి బాగుంటుంది. చేసే పని మాత్రం రచయితకీ పాఠకులకీ మధ్యన నిలబడ్డం. రచయితకి పాఠకుల మీద కోపం, పాఠకులకి రచయిత మీద కోపం, ఇద్దరికీ కలిపి అన్నపూర్ణ మీద కోపం. అన్నపూర్ణంటే నేనే.

ఉత్తరాలొచ్చేవి. తర్వాత తర్వాత ఫోన్లు, వాట్సాప్ మెసేజీలు. నూటికి తొంభై విలన్ గురించే. హీరో చక్కగా మాట్లాడాడని ఉత్తరం రాసిన మనిషిని నేనింతవరకు చూళ్లేదు. విలన్ ఒక్క కూత కూశాడంటే మాత్రం కార్డు మీద చోటు చాలక అడ్రసు రాసే వైపు కూడా రాసేవాళ్లు.

మా ఎడిటర్ శేషగిరిరావు గారు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని, కళ్లజోడేదీ అని ఆఫీసంతా కేకలేసే మనిషి. ఆయన నాకు మొదటి వారంలోనే ఒక మాట చెప్పారు. "చూడమ్మా, విలన్ని తిడుతూ ఉత్తరమొస్తే రచయితకి ఫోన్ చేసి శభాష్ అను. రచయితని తిడుతూ ఉత్తరమొస్తే పట్టుకొచ్చి నాకు చూపించు. రెండూ ఒకటి కాదు." అర్థమైందండీ అన్నాను. అర్థమవడానికి పాతికేళ్లు పట్టింది.

అత్తగారు స్వయంగా వచ్చినప్పుడు

తెనాలి నుంచి ఒకావిడ సీరియల్ రాసేది. అందులో అత్త రాక్షసి. కోడలికొచ్చిన ఉత్తరాలు దాచేస్తుంది, మొగుడూ పెళ్లాల మధ్య నిప్పులు పోస్తుంది. సీరియల్ మాంచి ఊపు మీద ఉండగా ఒక మధ్యాహ్నం రచయిత్రిగారి సొంత అత్తగారు మేడ మెట్లెక్కి వచ్చేసింది. చేతిలో మా పత్రిక. కాఫీ తెప్పించాను, ఫ్యాన్ ఆవిడ వైపు తిప్పాను.

"ఆ అత్త నేనేనని మా వీధి వీధంతా అంటోంది" అందావిడ.

"అబ్బే, అదంతా కల్పితమండీ, కోడలుగారికి మీరంటే ఎంతో..."

"ఆగమ్మా. నేనే అనుకో, నష్టమేంటి? నా గొడవ అది కాదు. ఆ అత్త ఉత్తరాలు పరుపు కింద దాచి దొరికిపోతుందేంటి, మతిలేకుండా? నేనైతే దొరుకుతానా? ఆవకాయ జాడీ కింద పెడతాను. మా కోడలు ఏడాదికోసారైనా ఆ జాడీ కదిపి తుడిచిన పాపాన పోయిందా?"

రెండు వారాల తర్వాత సీరియల్లో ఉత్తరాలు జాడీ కిందకి చేరాయి. నేను చెప్పలేదు, ఆవిడే ఇంటికెళ్లి కోడలికి చెప్పిందట. దాంతో నాకొకటి తెలిసింది. అత్తని అంత ధైర్యంగా రాక్షసిని చేసి రాసిందంటేనే ఆ ఇంట్లో ఆ కోడలికి అత్తంటే భయం లేదన్నమాట. నిజంగా రాక్షసి ఉన్న ఇంట్లో కోడళ్లు దేవతలాంటి అత్తల గురించి రాస్తారు. అలాంటివీ వచ్చాయి మాకు, బోలెడు.

బందరు లడ్డూ పెద్దమనిషి

అయితే విలన్ ఏమన్నా రచయితకి సంబంధం లేదనుకుంటే అదీ తప్పే. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇందులో నేను ఓడిపోయాను.

ఒక పెద్దమనిషి ఉండేవారు, పేరు చెప్పను. ఆఫీసుకొస్తే బందరు లడ్డూ డబ్బా లేకుండా వచ్చేవారు కాదు. నన్ను "చెల్లెమ్మా" అని పిలిచేవారు. ఆయన నవల్లో విలన్ ప్రతి వారం ఆడవాళ్ల మీద ఒక కాలమ్ నిండా కూసేవాడు. చదువుకున్న ఆడదాన్నీ, ఉద్యోగం చేసే ఆడదాన్నీ, విడిగా బతికే ఆడదాన్నీ ఎవర్నీ వదల్లేదు. ఆ ఆడవాళ్లు ఏం చేసేవాళ్లయ్యా అంటే ఏడ్చేవాళ్లు. వారం వారం ఏడుపే.

ఓసారి అడిగాను. "అన్నయ్యగారూ, ఆ అమ్మాయి తిరిగి ఒక్క మాటైనా అనదేంటండీ?"

"ఆడపిల్ల కదమ్మా, ఏమంటుంది?" అని తేలిగ్గా నవ్వేశారు. ఆ నవ్వుతో నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం ఒక పని చేశాను. మీరూ చేయండి, చాలా ఉపయోగం. ఆయన రాతప్రతి తీసుకుని పాత్రల పేర్ల మీద వేలు పెట్టి మూసుకుంటూ చదివాను. పేరు కనపడకపోతే విలన్ మాటేదో హీరో మాటేదో తేలడం లేదు. పదో వారంలో విలన్ తిట్టుగా అన్న మాటే పద్నాలుగో వారంలో హీరో తన పెళ్లాం భుజం మీద చెయ్యేసి బుద్ధి చెప్తున్నట్టు అంటున్నాడు. విలన్ గొంతు అరువు తెచ్చుకుని ఆయన తన కడుపులో ఉన్నదంతా కక్కుతున్నారు, అంతే.

శేషగిరిరావు గారికి చూపించాను. ఆయన చదివి, "నువ్వన్నది నిజమేనమ్మా" అన్నారు. అని, ఆ సీరియల్ చివరిదాకా వేశారు. పత్రిక బాగా పోతోందన్నది కారణం. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు, లడ్డూలు కూడా తిన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే చిరాకేస్తుంది.

నేను కోసిన పదకొండు లైన్లు

ఇక అసలు సంగతికొస్తాను. ఇదే నాకు పని నేర్పింది.

మస్తాన్ గారని ఒక రచయిత. వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో పని. వారానికి మూడు రోజులు బందరు వైపు నేత ఊళ్లు తిరిగి, మగ్గం మీదుండగానే చీరలు చూసి, ఏరి షాపుకి తెచ్చేవారు. ఇరవై ఏళ్లుగా అదే పని. బస్సులో కూర్చుని కథలు రాసేవారు. ఎంత మెత్తని మనిషంటే, కుర్చీకి కాలు తగిలితే కుర్చీకి కూడా సారీ చెప్పేవారు.

అలాంటి మనిషి నవలలో విలన్ ఒక బట్టల షావుకారు. అబ్బ, ఏం విలనండీ! తియ్యగా మాట్లాడుతూనే ఎదుటివాడి పరువు గుడ్డముక్కలా చింపేస్తాడు. ఇంత మెత్తటాయన లోపల ఇంత విషం ఎక్కడ దాచుకున్నాడబ్బా అని నాకూ అనుమానమొచ్చేది. లడ్డూ పెద్దమనిషి దెబ్బ తిన్నాను కదా, ఈయన రాతప్రతిలో కూడా పేర్ల మీద వేలు పెట్టి చూశాను. ఇక్కడ తేడా స్పష్టంగా ఉంది. షావుకారు మాట మరెవరి నోటా రాదు.

ఒక వారం భాగంలో, చీర తెచ్చిన ఒక నేత పనివాణ్ని చూసి షావుకారు అంటాడు: "గుంటలో కూర్చునేవాడి బుర్ర నేలమట్టం దాటదు!" నేతవాళ్లు నేలలో గుంట తీసి, కాళ్లు అందులో పెట్టుకుని కూర్చుని మగ్గం నేస్తారు. దాన్ని పట్టుకుని వేళాకోళం. ఆ వెంటనే ఆ నేత పనివాడు షావుకారుకి జవాబిస్తాడు. మొత్తం పదకొండు లైన్లు, అక్కడితో ఆ వారం భాగం పూర్తి.

బుధవారం పేజీలు మూసే వేళకి ఒక యాడ్ వచ్చింది. సీరియల్లో పదకొండు లైన్లు పోవాలి. నేను సీరియల్స్‌కి రాకముందు ఒక దినపత్రిక వార్తల డెస్కులో చేశాను. అక్కడ వార్త ఎక్కువైతే కిందనుంచి కోయడం అలవాటు, ముఖ్యమైందంతా పైనే ఉంటుంది కాబట్టి. కథ అలా ఉండదని నాకు తెలుసు. కానీ చేతి అలవాటు చేతిదే. కిందనుంచి పదకొండు లైన్లు కోసేసి, సశేషం అని పెట్టేశాను. జవాబు వచ్చే వారం మొదట్లో పెడదాంలే అనుకున్నాను.

అంతటితో ఆగానా? ప్రతి వారం సీరియల్ పక్కన ఒక బాక్సు వేసేవాళ్లం. ఆ వారం భాగంలోని ఘాటైన లైను ఒకటి లావు అక్షరాల్లో, దాని కింద రచయిత పేరు, రచయిత ఫొటో. ఎప్పుడో ఎవరో చేసిపెట్టిన డిజైను, ఎవరూ మార్చలేదు. ఘాటు లైను ఏరడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు గర్వం. ఏరాను. "గుంటలో కూర్చునేవాడి బుర్ర నేలమట్టం దాటదు!" కింద మస్తాన్ అని పేరు. పక్కన చిరునవ్వుతో మస్తాన్ గారి ఫొటో.

వాట్సాప్ కొత్తగా అందరి చేతుల్లోకీ వచ్చిన రోజులు. బాక్సుని ఎవరో ఫొటో తీసి పంపారు. పత్రిక చదవని ఊళ్లకి కూడా బాక్సు చేరిపోయింది. సీరియల్లో విలన్ అన్నాడని అందులో ఎక్కడుంది? నవ్వుతున్న మస్తాన్ గారు నేతవాళ్లకి బుర్ర లేదంటున్నారు, అంతే ఉంది.

సోమవారానికి ఫోన్లు. ఒకాయనైతే, "మీ రచయితని మా ఊరు రమ్మనండి, గుంటలో కూర్చోబెట్టి మట్టం ఎంతుందో చూపిస్తాం" అన్నాడు.

మంగళవారం మస్తాన్ గారే వచ్చారు. మొహంలో నెత్తురు లేదు. మూడు ఊళ్లు తిరిగితే మూడు ఊళ్లలోనూ చీరల్లేవన్నారట, మగ్గం మీద చీర కనపడుతుండగానే. షాపు ఓనరు కూడా తేల్చి చెప్పేశాడట: "ఊళ్లో వాళ్లు నీ మొహం చూడనప్పుడు నువ్వు నాకెందుకయ్యా? ఈ నెలాఖరులోగా వాళ్లతో మాట్లాడుకో, లేదంటే వేరే చోటు చూసుకో."

"ఉద్యోగం సంగతి తర్వాత మేడమ్. ఇరవై ఏళ్లు ఆ ఇళ్లల్లో అన్నం తిన్నాను. ఎప్పుడెళ్లినా అన్నం పెట్టే భావనారాయణ బాబాయ్ గారు కూడా తలుపు తియ్యలేదు" అన్నారు.

సంతకం పెట్టిన కాగితం

శేషగిరిరావు గారు క్షమాపణ వేద్దామన్నారు. రచయిత సంతకంతో. మస్తాన్ గారు అక్కడే కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చేశారు. పొరపాటు నాది, నేత కుటుంబాలకి తలవంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను అని.

ఆ కాగితం నా చేతికొచ్చింది. నిజం ఒప్పుకోవాలి కదా, నాకు ముందు హమ్మయ్య అనిపించింది. లైన్లు కోసింది నేనని ఎడిటర్ గారికి తెలీదు. ఆయన పేజీ చూశారు గానీ రాతప్రతి చూడలేదు. ఈ కాగితం వేసేస్తే నా పీడ వదిలిపోతుంది. కంపోజింగ్‌కి ఇవ్వబోతూ మళ్లీ ఒకసారి చదివాను. కోసేసిన జవాబు గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మెట్ల దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. "మస్తాన్ గారూ, మీరు జవాబు రాశారు కదా, మేం కోసేశాం. అది ఇందులో రాయలేదేంటండీ?"

"రాస్తే మీ ఉద్యోగానికి ఇబ్బంది కదా మేడమ్" అన్నారాయన.

నాకు తల కొట్టేసినట్టయింది. అంత మంచితనం ఎదురుగా నిలబడితే మనం ఎంత చిన్నవాళ్లమో తెలిసిపోతుంది. వెనక్కి తిరిగి నేరుగా ఎడిటర్ గారి గదిలోకి వెళ్లి, కోసింది నేను, బాక్సు పెట్టింది నేను, క్షమాపణ రాయాల్సింది కూడా నేనే అని చెప్పేశాను. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను కూడా.

ఆయన కళ్లజోడు కోసం వెతుక్కుంటూ అంతా విన్నారు. "ఆ పదకొండు లైన్లు ఎక్కడున్నాయి?" అన్నారు.

"నా డ్రాయర్లో ఉన్నాయండీ."

"డ్రాయర్లో ఉంటే ఎవరు చదువుతారు? రేపు పొద్దున్నే బస్సెక్కు. అతన్ని కూడా తీసుకెళ్లు. వాళ్లకి చదివి వినిపించు. రాగానే నీ పేరుతో వివరణ రాయి. ఎలాగూ బాక్సులంటే నీకిష్టం, బాక్సులోనే వేద్దాం. నీ ఫొటో కూడా పెడదాం." కోపమో ఎగతాళో తెలీలేదు. తర్వాతి వారం నిజంగానే పెట్టారు. "తప్పు నాది" అని లావు అక్షరాలు, కింద అన్నపూర్ణ అని పేరు, పక్కన పన్నెండేళ్ల కిందటి నా ఫొటో. మా చుట్టాలంతా ఫోన్ చేసి ఏం తప్పు చేశావని అడిగారు.

గుంట మగ్గం దగ్గర

భావనారాయణ గారి ఇల్లు బందరు దాటాక ఒక నేత ఊళ్లో. ఈసారి తలుపు తీసే ఉంది, పత్రికాఫీసు నుంచి ఒకావిడ వస్తోందని ముందే ఫోన్ చేశాం కాబట్టి. వసారాలో మగ్గం, గుంటలో పెద్దాయన. పక్కన ఆయన భార్య నాంచారమ్మ గారు రాట్నం ముందు కూర్చుని నూలు కండెలకి చుడుతోంది.

ఆ ఇళ్లల్లో ఒక మర్యాద ఉంది. చీరలు చూసేవాళ్లొస్తే మగ్గం ఆపి, గుంటలోంచి పైకొచ్చి, చాప వేస్తారు. మస్తాన్ గారు బస్సులో చెప్పారు నాకు. పెద్దాయన మగ్గం ఆపలేదు. మేం అలాగే నిలబడ్డాం. నూలు మోసుకుంటూ నాడె ఆ చివరికీ ఈ చివరికీ పోతోంది, టకటకలాడుతోంది.

"బాబాయ్ గారూ" అన్నారు మస్తాన్ గారు. పెద్దాయన తల ఎత్తకుండా నేస్తూనే ఉన్నారు.

ఆ చప్పుడు మధ్యనే నేను గొంతు పెంచి చెప్పాను, తప్పెలా జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో. తర్వాత పదకొండు లైన్లు చదివాను. అందులో నేత పనివాడు తల ఎత్తి అంటాడు: "మా కరములు నేర్చిన విద్యను మీ జిహ్వ ఏనాడు నేర్చునో షావుకారుగారూ!" ఇంకా అలాంటివే.

మగ్గం ఆగింది. నాంచారమ్మ గారు రాట్నం ఆపి నా వైపు చూసి పకపకా నవ్వింది.

"ఏంటమ్మా అది? నాటకం పద్యమా? మావాళ్లెవరైనా అలా మాట్లాడతారా? కరములంట, జిహ్వంట! ఏవయ్యా మస్తానూ, ఇరవై ఏళ్లు మా ఇంట్లో తిన్నావు, మేం ఎలా మాట్లాడతామో తెలీదా? ఆ షావుకారు కూత మాత్రం అచ్చం షావుకారు కూసినట్టే రాశావే!"

నేను బిత్తరపోయాను. నిజమే కదా! విలన్ నోట్లో ప్రాణం ఉంది, మంచివాడి నోట్లో అట్టముక్క ఉంది. వారం వారం చదివిన నాకు తట్టలేదు.

పెద్దాయన మొదటిసారి నోరు విప్పారు. "ఆ మాట నువ్వు పుట్టించిందా, ఎవడైనా అన్నదా?"

మస్తాన్ గారు నేల చూపులు చూశారు. "అన్నదే బాబాయ్ గారూ. నేను కుర్రాడిగా పనికి చేరిన కొత్తల్లో, మా మొదటి షావుకారు అన్నాడు. మీరు చీరలిచ్చి మెట్లు దిగి వెళ్లాక, మిమ్మల్నే అన్నాడు."

"నన్నా?"

"మిమ్మల్నే."

"నువ్వక్కడున్నావా?"

"ఉన్నానండీ."

"మరి నువ్వేమన్నావ్?"

"నవ్వాను బాబాయ్ గారూ" అన్నారు మస్తాన్ గారు. "షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే పని పోతుందని భయం. ఆ తర్వాత వారమే మీ ఇంటికొచ్చాను, పిన్నిగారు చేపల పులుసు పెట్టారు, తిన్నాను. అప్పట్నుంచి ఆ నవ్వు నన్ను పీక్కు తింటోంది."

అప్పుడు నాకు వెలిగింది. ఆ నవలలో పేరు లేని గుమస్తా ఒకడున్నాడు. షావుకారు ఏదైనా కూసినప్పుడల్లా "మూలనున్న గుమస్తా నవ్వాడు" అని ఒక వాక్యం వస్తుంది. అనవసరమని రెండుసార్లు నేనే కొట్టేశాను దాన్ని! ఊరంతా, పాఠకులంతా, నాతో సహా, రచయితని షావుకారులో వెతికాం. ఆయన మూల కూర్చున్న గుమస్తాలో ఉన్నాడు. తన పాపాన్ని వారం వారం ఒక్క లైనులో ఒప్పుకుంటూ ఉన్నాడు.

మీరు నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదే. విలన్ కూసిన కూత బట్టి రచయితని కొలవకండి. ఆ కూత విని ఎవరు నవ్వారో చూడండి, ఆ మాట పడ్డవాడికి జవాబిచ్చే నోరు రచయిత ఇచ్చాడో లేదో చూడండి. అక్కడ దొరుకుతాడు, మంచివాడైనా చెడ్డవాడైనా.

పెద్దాయన ఏమంటాడోనని నాకు భయమేసింది. ఆయన కంటే ముందే నాంచారమ్మ గారు కొంగు దోపుకుని లేచింది.

"నవ్వావా? సిగ్గులేకపోతే సరి. ఆ పులుసులో ముల్లు గొంతుకి అడ్డం పడినా బాగుండేది. సర్లే, కాగితముందా? రాసుకో. ఆ జిహ్వా గిహ్వా కొట్టెయ్. నేను చెప్తా ఏమనాలో."

మస్తాన్ గారు కాగితం తీసి గడప మీదే కూర్చున్నారు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, షావుకారు ఎదురుగా ఉన్నట్టే చెప్పింది:

"షావుకారుగారూ, మేం గుంటలో కూర్చుంటేనే మీరు పరుపు మీద పంచె కట్టుకుని కూర్చున్నారు. ఒక్క పూట మేం నేసింది ఒంటి మీద లేకుండా కూర్చోండి. ఎవరి బుర్ర ఏ మట్టంలో ఉందో, ఎవరిదేది ఎక్కడుందో ఊరంతా వచ్చి చూస్తుంది!"

నాకు నవ్వుతో కడుపు నొప్పొచ్చింది. పెద్దాయన గుంటలోనే కూర్చుని భుజాలూగేలా నవ్వుతున్నారు, "ఛీ, బయటివాళ్ల ముందు ఏం మాటలే అవి" అంటూ. ఆ తర్వాత చేతులు నేల మీద ఆనించి పైకొచ్చి, చాప తెచ్చి వేశారు. మస్తాన్ గారు కూర్చోలేక ఏడ్చేశారు.

"ఏడవకు" అన్నారు పెద్దాయన. "కానీ ఆ నవ్విన గుమస్తా ఉన్నాడే, వాణ్ని అలా వదిలెయ్యకు. వాడి సంగతి కూడా తేల్చు."

తర్వాతి వారం

మస్తాన్ గారు తేల్చారు. నాంచారమ్మ గారి జవాబు ఒక్క అక్షరం మార్చకుండా రాశారు, నేతగాడి భార్య నోట పెట్టి. షాపంతా బిగుసుకుపోతుంది. అప్పుడు మూలనున్న గుమస్తా నవ్వుతాడు. షావుకారుని చూసి, పైకే, గట్టిగా. షావుకారు వాణ్ని ఆ నిమిషమే షాపులోంచి గెంటేస్తాడు.

ఆ బుధవారం కూడా యాడ్ వచ్చింది. యాడే పక్క వారానికి పోయింది. ఎడిటర్ గారే తీయించారు. బాక్సు డిజైను కూడా మార్పించాను: అన్న పాత్ర పేరు లేకుండా ఏ మాటా బాక్సులోకి ఎక్కడానికి వీల్లేదని. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన సంస్కరణ అదొక్కటే, చెప్పుకోవడానికి.

పత్రిక వచ్చిన శనివారం మస్తాన్ గారు మా ఆఫీసులోనే ఉన్నారు. షాపులో ఆయన పనికి ఢోకా లేదని అప్పటికే తేలిపోయింది, భావనారాయణ గారు చెప్పడంతో మూడు ఊళ్లలోనూ మళ్లీ మగ్గాలు ఆపి చాపలు వేశారు. ఫోన్ మోగితే చూసి, "పిన్నిగారు" అంటూ స్పీకర్ పెట్టారు.

"మస్తానూ, మా ఎదురింటి పిల్ల చదివి వినిపించిందిరా" అంది నాంచారమ్మ గారు. "నా మాట నా మాటలాగే ఉంది, బాగుంది. అది సరే గానీ, ఆ గుమస్తా ఉద్యోగం పోయిందా అయితే?"

"పోయింది పిన్నిగారూ."

అటువైపు తిరుగుతున్న రాట్నం చప్పుడు ఆగింది.

"పోతే పోయిందిలే. మనింటికి రమ్మను, అన్నం పెడతా."